ఆజోర్ తోక

బావి దగ్గర వాళ్ల కుక్క ఆజోర్ నోట నురగతో చచ్చి పడి ఉంది. జర్మన్ల ఏలుబడిలోని ఆ పోలండ్ పల్లెలో, రైతు భార్య మొగుణ్ణి గడ్డి కొట్టంలోకి లాక్కొచ్చింది.

“ఎవడో విషం పెట్టాడయ్యా! యూదుల్ని దాచామని తెలిసిపోయింది. వీళ్లనిప్పుడే అడవికి పంపేద్దాం.”

“ఈ మంచులోనా? పసిపిల్లతోనా? కూర్చోవే.”

“దొరికితే మనల్నీ గుమ్మంలోనే కాల్చేస్తారు. పక్కింటోడి పనేనా?”

“వాడికంత తెలివా? వాడి కోళ్లే వాడి మాట వినవు.”

“మరెవరు?”

“పక్కూళ్లో సైనికులు ఇల్లిల్లూ వెతికారు. రేపు మన వంతు. ఆజోర్ పొద్దస్తమానం ఈ గడ్డి ముందే కూర్చుని, లోపలున్న పిల్ల కోసం తోకాడించేది. వాళ్లొచ్చినా ఆడించేది. పుట్టినప్పట్నుంచీ నా చేతి ముద్దే తిందే అది. రాత్రి విషమూ నా చేత్తోనే పెట్టాను.”