స్వీటీకి ప్రవేశం లేని వార్డు

జనరల్ వార్డు రోగి నిమిరితే కుక్క అరిగిపోతుందా? మలక్‌పేటలోని ఒక ఆసుపత్రిలో, రోగులకు ఊరటనిచ్చేందుకు తెచ్చిన కుక్క స్వీటీ గొలుసు పట్టుకున్న ఉద్యోగిని ఒక రోగి భార్య ఆపింది.

“అన్నా, పక్షవాతమొచ్చినంక మా ఆయన కుడిచెయ్యి కదలలే. ముప్పై ఏండ్లు బర్రెలను నిమిరిన చెయ్యది. నిన్న స్వీటీ వరండాల పోతుంటే చూసి వేళ్లు లేపిండు. ఐదు నిమిషాలు లోపలికి తీస్కరా.”

“మస్తు మందికి గట్లనే గుణమైతదమ్మా. కానీ స్వీటీ డీలక్స్ రూములకే.”

“ఎందుకు?”

“జనరల్ వార్డుల ఇన్ఫెక్షన్ ఉంటది. కుక్కకు అంటుకుంటే?”

“మరి మనుషులకు?”

“మనుషులకోసమే గదమ్మా ఆ వార్డు!”

“ఇయ్యాల డీలక్స్ రూముల ఎవలున్నరు?”

“ఒక్కడే. కుక్కంటే భయమని తలుపేసుకున్నడు.”

“మరి స్వీటీ ఏం చేస్తది?”

“ఆ తలుపు ముంగట కూసుంటది. డ్యూటీ ఐదు దాకా.”

“గిటు జూడన్నా, మా వార్డు దిక్కే గుంజుతుంది.”

“దానికి రూల్స్ తెల్వయమ్మా.”

అతడు గొలుసు బిగించి స్వీటీని మూసిన తలుపు వైపు లాక్కెళ్లాడు. జనరల్ వార్డు లోపల, ఆమె భర్త దుప్పటి మీద రెండు వేళ్లు లేచి, మళ్లీ వాలాయి.

మీరు జాలిపడనక్కరలేదు. మీకు దగ్గరలోని ఆసుపత్రికి వెళ్లి, జనరల్ వార్డుకు కుక్క ఏ రోజున వస్తుందో రాతపూర్వకంగా అడగండి.