నెలకి సరిపడా వంట

హలో… ఆ, నేనే వదినా. చెప్పు.

…వంటింట్లోనే. ఇంకెక్కడుంటాను? స్పీకర్‌లో పెట్టా, చేతులనిండా కారం.

…అయిపోవచ్చింది. చికెన్ కూర ఒక్కటే చల్లారాలి. వేడి మీద ఫ్రీజర్‌లో పెడితే లోపలంతా మంచు పట్టేస్తుంది కదా… ఆ, ఫ్యాన్ కిందే పెట్టా.

…నెలకి. నెలకి సరిపడా చేశా. కిడ్నీ ఇచ్చాక బరువెత్తకూడదు, పొయ్యి దగ్గర నిలబడకూడదు అన్నారుగా డాక్టరు. మా ఆయన సంగతి నీకు తెలియనిదేముంది? ఆ మహానుభావుడు నీళ్ళు కాచినా మాడిపోతాయి.

…నవ్వు, నవ్వు. నీకేం.

…కవర్లలో పోసి పలకల్లా పరిచేశా. గడ్డకట్టాక నిలబెట్టుకుంటే చోటు కలిసొస్తుంది. చిన్నోడివి కారం లేనివి, కింది అరలో. పెద్దదానికి ఏదైనా పర్లేదు, ముక్కలుంటే చాలు. బంగాళాదుంప మాత్రం వెయ్యలేదు. కరిగాక నోట్లో పెట్టుకోలేం… ఫ్రీజర్ తలుపు పట్టట్లేదు వదినా. కుర్చీ అడ్డం పెట్టా.

…నా గొంతుకేమైంది?

…ఉల్లిపాయలు.

…జలుబు కాదు. జలుబు చేస్తే రేపు అన్నయ్య ఆపరేషన్ ఆపేస్తారని నీ భయం, నాకు తెలుసు. జలుబు లేదు.

…వదినా, అన్నయ్య పక్కనున్నాడా?

…హాల్లోనా. సరే. నువ్వు కూర్చో. …కూర్చో అంటున్నాగా.

ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది.

…పొద్దున్న. పిల్లలు బడికెళ్ళగానే.

…మొన్న ఆఖరిసారి తీశారే రక్తం, నాదీ అన్నయ్యదీ… అది సరిపడట్లేదట. మొదట్లో సరిపడింది. ఇప్పుడు లేదు. నా కిడ్నీ పెడితే అన్నయ్య ఒంటికి పడదట.

…లేదు. రేపు లేదు. రేపే కాదు… నాది ఇంక పనికిరాదు.

…అడగకుండా ఉంటానా? నెత్తీనోరూ కొట్టుకుని అడిగా. ఇంకోసారి చూడండి అన్నా. రెండుసార్లు చూశాకే ఫోన్ చేశామన్నారు.

…పేరు రాయించి ఎదురుచూడ్డమే. ఎవరిదో ఒకరిది దొరికేదాకా. అప్పటిదాకా ఆ డయాలసిస్సే…

…ఎన్నాళ్ళు తట్టుకుంటాడంటే… నాకు మాత్రం ఏం తెలుసు వదినా?

…ఏమో, ఎందుకు చెప్పలేదో. ఫోన్ పెట్టేసి వచ్చి చికెన్ కడిగా. ఉల్లిపాయలు అప్పటికే తరిగేసున్నాయి మరి. కడిగి పొయ్యి మీద పెట్టా. ఎవరి కోసం వండుతున్నానో, ఎందుకు వండుతున్నానో… పొద్దున్నుంచీ వండుతూనే ఉన్నా.

…లేదు. ఏడుపు రావట్లేదు. గిన్నె అంచు తగిలి వేలు కాలినా తెలియలేదు, బొబ్బ లేచాక చూసుకున్నా.

…నువ్వు ఏడు వదినా. పర్లేదు. ఏడు.

…

…వద్దు, నువ్వు చెప్పలేవు. నేనే చెప్తా. కళ్ళు తుడుచుకుని ఫోన్ ఇవ్వు.

…

అన్నయ్యా.

…ఆ, తిన్నాలే. …అన్నయ్యా, ఒక్క మాట. ఆస్పత్రివాళ్ళు—

…ఏంటి?

…నిన్ననా? నీకు నిన్ననే చెప్పారా?

…వదినకి కూడా చెప్పకుండా కడుపులో పెట్టుకున్నావా?

…మరి రాత్రి కూర్చుని ఆస్పత్రికి సంచి సర్దుకున్నావట కదా. పొద్దున్నే వెళ్ళి క్రాఫ్ చేయించుకొచ్చావట. ‘మా ఆయన పెళ్ళికొడుకులా ఉన్నాడు’ అని ఇందాక మురిసిపోతూ చెప్పింది వదిన, పిచ్చిది.

…అంతా తెలిసి కూడానా?

…

…అవును. …అవునన్నయ్యా. నేనూ అంతే, తెలిసే వండుతూ కూర్చున్నా.

…నువ్వు నాకు సారీ చెప్పడమేంటి? పిచ్చా నీకు?

…ఇక్కడ ఎవరూ లేరు. ఆయన సాయంత్రం గానీ రారు.

…వద్దు, పెట్టెయ్యకు. ఏం మాట్లాడకపోయినా పర్లేదు, లైన్లో ఉండు. ఇంకో గిన్నెడుంది, కవర్లలో పొయ్యాలి. ఫోన్ గట్టు మీద పెడుతున్నా…

ఇక్కడే ఉన్నాలే.