డౌట్‌ఫుల్ అన్నాడు డాక్టరు

సికింద్రాబాద్‌లో ఓ ఆసుపత్రి మెట్ల మీద దేవకృప భర్త పక్కన కూర్చుంది. బండి మీంచి పడ్డ కొడుకు ఆశీష్ పైన ఐసీయూలో ఇంకా కళ్లు తెరవలేదు. డాక్టరు ఇప్పుడే మాట్లాడి వెళ్లాడు.

“ఏవండీ, డౌట్‌ఫుల్ అంటే ఇక లేవడనా?”

“అలా అనలేదు.”

“అయితే లేస్తాడనా?”

“అలా కూడా అనలేదు, కృపా.”

“వాన పడుతుందా అంటే మనం డౌటే అంటాం కదా. అలాంటిదేనా?”

“మనం ఊరికే అంటాం. డాక్టర్లు అన్నారంటే ఆశ తక్కువని.”

ఆమెకు ఏడుపు రాలేదు. ఎదురుగా ఆగిన ఆటోల వంక చూస్తూనే అంది.

“ఆదివారం కృతజ్ఞత కూటమని చర్చిలో చెప్పేశారండీ.”

“వాడి వేలు కదిలిందని పాస్టరుగారికి నువ్వే ఫోను చేశావుగా.”

“కదిలింది మరి. వాడు లేవకముందే దేవుడికి స్తోత్రం చెప్తే అదే విశ్వాసమన్నారు. చెప్పాను.”

“మీ తమ్ముడైతే పెళ్లికి చెప్పినట్టు బిర్యానీ చెప్పొచ్చాడు. మన అల్వాల్ వాళ్లంతా వస్తారిక.”

“నాకే డౌటొస్తోందని దేవుడికి తెలిస్తే?”

“తెలియకుండా ఉంటుందా?”

ఆయన ఫోను కలిపి ఆమె చేతికిచ్చాడు.

“పాస్టరుగారూ, వందనాలండీ. లేదండీ, లేవలేదు. లేస్తాడో లేదో చెప్పలేమన్నారు. ఆదివారం పాటలూ సాక్ష్యాలూ వద్దండీ. కూటం మాత్రం ఆపకండి. అందరూ వచ్చి మా దగ్గర కాసేపు కూర్చోండి, చాలు.”