తీసేసిన నలభై సెకన్లు

మేడ మీది గది. కెమెరా స్టాండు గోడకు జరిపి ఉంది. బల్లకు ఒక పక్క సైన్సు వీడియోలు తీసే మాస్టారు, మరో పక్క గుడ్డ సంచీతో వచ్చిన ఆవిడ. మధ్యలో ఆవిడ సంచీలోంచి తీసి పెట్టిన, కరెంటు మెరుపులు పుట్టించే చిన్న యంత్రం.

“పైపు నిటారుగా నిలబెట్టాడు. స్టీలు గిన్నెలు రెండూ మూతులు కలిపి అతికించాడు, అంచు ఎక్కడా గీసుకోవడం లేదు. ఎవరు చేశారమ్మా?”

“మా ఆయన. మీ వీడియో చూసి.”

“మంచి చెయ్యి. మోటారు కూడా బ్యాటరీదే పెట్టాడు చూడండి. కొంతమంది నేరుగా గోడ ప్లగ్గుకే తగిలిస్తారు, చావడానికి. ఈయన జాగ్రత్తపరుడు.”

“జాగ్రత్తపరుడే. గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చే మనిషి.”

“మరి తంటా ఏంటి? తిరగడం లేదా?”

“తిరుగుతుంది. తప్పేమైనా ఉందేమో చూస్తారని తెచ్చాను.”

“ఒక్కటీ లేదు. రబ్బరు పట్టీ బిగువు బావుంది. ఎర్త్ వైరు ఉంది. పిల్లలు ముట్టుకుంటే జుట్టు లేచి నిలబడుతుంది, అంతకు మించి ఏం కాదు. అన్నీ... సీసా ఏదమ్మా? చివర్లో గాజు సీసాకి లోపలా బయటా ఫాయిల్ పేపరు అతికిస్తాం కదా, అది?”

“పోలీసులు పట్టుకెళ్ళారు.”

“ఏంటి?”

“సీసా పట్టుకెళ్ళారు. మిగతాది విప్పేసి ఉంటే చెత్త అనుకున్నారు. నేనే మళ్ళీ బిగించాను.”

“కూర్చోండి. మంచినీళ్ళు...”

“వద్దండీ. ఆ సీసా ముట్టుకునే మా అమ్మ పోయింది.”

“అయ్యో.”

“ఆవిడది గుండె జబ్బు. పాప స్కూల్లో చూపించాలని ఆయన ఇది చేశాడు. మోటారు ఆపేశాక అమ్మని పిలిచాడు. ‘అత్తయ్యా, ఒక చేత్తో సీసా పట్టుకుని రెండో చేత్తో దాని మూత మీది గుండు ముట్టుకోండి, కాస్త చురుక్కుమంటుందంతే’ అన్నాడు. వీడియోలో మీరూ అలాగే ముట్టుకుని నవ్వుతారు.”

“నాది బొటనవేలంత మందు సీసా అమ్మా! మీ ఆయన పెట్టింది ఎంతది?”

“కొట్లో బిస్కెట్లు పోసి పెడతారే, అది.”

“అంత సీసానా! అంతది ఎవరైనా...”

“ఎంతది పెట్టాలో మీరెక్కడ చెప్పారు?”

“చెప్పాను. చెప్పానమ్మా.”

“ఇరవైసార్లు చూశాను మాస్టారూ. లేదు. మోటారు ఆపినా సీసాలో కరెంటు నిలిచి ఉంటుందని మొన్న లాయరు చెబితే తెలిసింది నాకు.”

“రికార్డింగులో చెప్పాను. తర్వాత, అంటే, ఆ నలభై సెకన్లు తీసేశాం. సరిగ్గా అక్కడికొచ్చేసరికి జనం వీడియో కట్టేస్తున్నారు.”

“నలభై సెకన్లు.”

“మెరుపు కోసం వస్తారమ్మా, మాటలు వినడానికి కాదు. నేనొక్కడినేనా? అందరూ...”

“మా అన్నయ్యలు ఆయన మీద హత్య కేసు పెట్టారు.”

“హత్యా?”

“అమ్మకీ ఆయనకీ మూడేళ్ళుగా మాటల్లేవు. ఒకే ఇంట్లో ఉంటూ ‘మీ ఆయనకి చెప్పు’ అని ఆవిడ, ‘మీ అమ్మకి చెప్పు’ అని ఈయన, మధ్యలో నేను. అలాంటి మనిషి ఆ రోజు నోరారా పిలిచి ముట్టుకోమన్నాడంటే కావాలనే చేశాడంటారు వాళ్ళు. నేను కాదంటాను. కలిసిపోదామనే పిలిచాడు. సీసా సంగతి ఆయనకి తెలియదు. తెలియదని నమ్మే కదా, అన్నయ్యల గుమ్మం తొక్కడం మానేశాను. ఆరు నెలలుగా ఆయన జైల్లో. ఎల్లుండి నా సాక్ష్యం. మీరొచ్చి ఆ నలభై సెకన్లు తీసేశామని ఒక్క ముక్క చెప్పండి, చాలు.”

“కోర్టుకా? నేనా?”

“మీకేం పోతుంది?”

“ఏం పోతుందా! మీ అమ్మగారి చావు నా నెత్తికి చుట్టుకుంటుంది.”

“ఇప్పుడు ఎవరి నెత్తిన ఉంది?”

“చూడండమ్మా, నేను జనాన్ని గాలికి వదిలేసే రకం కాదు. అడిగినవాళ్ళకల్లా జవాబు రాశాను. ఆగండి, చూపిస్తాను. ఈ సీసా గురించే ఒకాయన నాకు విడిగా మెసేజ్ పెట్టాడు. అడిగాడు, చెప్పాను. మీ ఆయనకి మాత్రం నోరు లేదా? ఆయనా అడగొచ్చుగా?”

“ఆయన ఎవర్నీ ఏదీ అడగడు. మొహమాటం.”

“మొహమాటానికి నేనేం చేసేది? ఇదిగో, వినండి. ‘మాస్టారూ, మోటారు ఆపాక పెద్ద సీసా ముట్టుకుంటే ఏమవుతుంది? ఇంట్లో గుండె జబ్బు మనిషి ఉంది.’ అయిదు నిమిషాల్లో జవాబు రాశాను. ‘ఆపినా సీసాలో అలాగే ఉంటుంది. పిడి ఉన్న తీగతో లోపలా బయటా కలిపి ఖాళీ చేయనిదే చెయ్యి పెట్టొద్దు. పెద్ద సీసా అసలే వద్దు. ఆ మనిషి ముట్టుకుంటే ప్రాణం పోతుంది.’ చెప్పానా, లేదా? థాంక్స్ అని కూడా పెట్టాడు పాపం.”

“ఎప్పుడు?”

“ఏది?”

“థాంక్స్ అని ఎప్పుడు పెట్టాడు?”

“జూన్ తొమ్మిది. ఏం?”

“అమ్మ పోయింది పదకొండున.”

“ఊళ్ళో గుండె జబ్బులు ఎంతమందికి లేవమ్మా! ఎవరో...”

“పేరేముంది?”

“పేరు పెట్టుకోలేదు. ఫొటో ఉంది. రెండు జడల పాప, ముందు పళ్ళు ఊడి...”

“ఇటివ్వండి ఫోను.”

“తెలిసిన పాపా? అమ్మా! మిమ్మల్నే. తెలిసిన పాపేనా?”

“మా పాపే.”

“అంటే... అంటే మీ ఆయన...”

“ఇది ఇంకెవరికైనా చూపించారా?”

“లేదు. మీకే. మీరు అడిగారని...”

“అయితే తీసేయండి. కోర్టుకి మీరు రావద్దు.”