బోరు నీళ్లు

కొత్వాల్‌గూడలో కుర్మయ్య ఇంటి వాకిలి. రాత్రి గాలివానకు పోయిన కరెంటు పొద్దున పదైనా రాలేదు.

"కారు తాళంచెవి ఇయ్యి కాకా. నీ కాళ్లు మొక్కుత."

"కాళ్లు ముట్టకు. నిలబడి మాట్లాడు నరేందర్."

"నా పెండ్లం పూర్ణిమకు నెత్తురు పోతుంది. ఎనిమిదో నెల. జల్ది దవాఖానకు పోవాలె."

"నీకు కొత్త బండి ఉండె గదా. చప్పుడు లేకుంట పోయేది."

"కరెంటు బండి కాకా. రాత్రి చార్జింగ్ పెట్టిన, పెట్టినంక స్తంభాలు పడ్డయి. మూడు పర్సెంటే ఉండె. గేటు దాటంగనే ఆగింది."

"అంబులెన్స్?"

"చేసిన. గంట పడ్తదన్నరు. గంటంటే ఎట్ల కాకా? గంతల నా ఫోను గూడ చార్జింగ్ లేక బందయింది."

"కొండల్ ఆటో?"

"అది గ్యాస్ ఆటో. శంషాబాద్‌ల పొద్దుగాల నుంచి గ్యాస్ లైన్ల ఉన్నడట."

"యాదయ్య బండి?"

"ఊర్లె లేడు. అర్ధగంట నుంచి అందరిండ్లు తిరిగిన—"

"అందరివి తిరిగినంక మా ఇంటికొచ్చినవు."

"కాకా, ఇప్పుడది—"

"పూర్ణిమ దగ్గర ఎవరున్నరు?"

"పక్కింటి కొండమ్మక్క ఉంది. తాళంచెవి కాకా. నీ షెడ్డుల పెట్రోల్ బండి ఉంది గదా."

"పెట్రోల్ బండి ఎట్లయితది? నువ్వే గదా దాన్ని నీళ్ల బండి చేసినవు."

"ఏం నీళ్ల బండి కాకా?"

"మర్చిపోయినవా? కొత్తూర్ల నీ షాపు ముంగట ఇంత బోర్డు పెట్టినవు. నీళ్లల్లకెల్లి హైడ్రోజన్, హైడ్రోజన్‌తోని సగం పెట్రోల్ మిగులు. ఇంజన్ పక్కన సీసా కట్టి, రెండు వైర్లు గుంజి, పైపు పెట్టి, కిట్టు అన్నవు. ఇంకా అట్లనే ఉంది. నేను తియ్యలే."

"ఇప్పుడు గవన్ని ఎందుకు? అక్కడ మనిషి పాణం పోతుంది!"

"బండ్ల మనిషి పాణం ఎట్ల పోతదో నాకు తెల్సు."

"కాకా..."

"మీ చిన్నమ్మ అనంతమ్మకు ఛాతి నొప్పి లేసిన నాడు బండ్ల లీటరు పెట్రోలుండె. లీటరుకు ముప్పై కిలోమీటర్లు ఇస్తదని నువ్వే అంటివి. పట్నం దవాఖాన ఇరవై అయిదు. బంకు కనపడ్డది, ఆగలే. ఆగితే ఆలస్యమైతదని ఆగలే."

"నాకు తెల్వదా కాకా—"

"తెల్వది. పదిహేనుకు ఆగింది. సర్వీసు రోడ్డు మీద. పైన ఇమానాలు పోతున్నయి. కింద ఒక్కడు ఆగలే. నా ఒళ్లె తలకాయ పెట్టి అనంతమ్మ ఏమడిగిందో తెల్సా? బండి ఎందుకాగిందని అడిగింది."

"నేను రాలేదా? దినాలకు వచ్చిన గదా."

"వచ్చినవు. బానెట్ ఎత్తి, సీసా చూసి ఏమన్నవు?"

"యాది లేదు."

"ఉంది."

"పూర్ణిమ సస్తది కాకా!"

"ఏమన్నవు?"

"బోరు నీళ్లు పోసినవా అని అన్న."

"పోసిన. నువ్వు పొయ్యమన్న బ్యాటరీ నీళ్లు అయిపోతే బోరు నీళ్లు పోసిన. పది మంది ముంగట చెప్పినవు, కాక ఉప్పు నీళ్లు పోసి కిట్టు ఖరాబు చేసిండు, అందుకే ఆగిందని. ఏడాది నుంచి ఊరు అదే అంటుంది. నా కొడుకు లక్ష్మణ్ ఏమనడు. అన్నం తినేటప్పుడు గోడ దిక్కు తిరిగి కూసుంటడు."

"తప్పు మాటన్న. తప్పయింది కాకా. ఇగ ఇయ్యి."

"ఇస్త. తీస్కపో. సీసాల బ్యాటరీ నీళ్లే పోసి పెట్టిన. పెట్రోల్ లీటరుంది. నీ లెక్కకు పట్నం దాక పోతది."

"పోదు!"

"ఎందుకు పోదు?"

"పోదు కాకా, జర..."

"బోరు నీళ్లు కావు గదా. ఎందుకు పోదు?"

"ఏ నీళ్లు పోసినా పోదు! విన్నవా? సీసాల నాలుగు బుడగలొస్తయి, అంతే. ఆ బుడగలకు బ్యాటరీ కావాలె. బ్యాటరీ నిండాలంటే ఇంజన్ తిరగాలె. ఇంజన్ తిరగాలంటే పెట్రోలే కాలాలె. మిగిలేదేం లేదు. పోయేదే ఇంకింత. నాకు తెల్సు. నీ బండికి కట్టిన నాడే తెల్సు."

"మల్ల చెప్పు."

"నీకు దండం పెడ్త—"

"బోరు నీళ్లతోని ఆగిందా?"

"కాదు. పెట్రోల్ అయిపోయి ఆగింది. లీటరుకు ముప్పై అని నేను అబద్ధం చెప్పినందుకు ఆగింది. నీ తప్పు లేదు. చిన్నమ్మ నీ వల్ల పోలే. చాలా? ఇంకేం కావాలె కాకా, చాలా?"

"కవితా! లోపలికెల్లి విన్నవా?"

"విన్న మామా."

"నీ మొగడు లక్ష్మణ్‌కు నువ్వే చెప్పు. నేను చెప్తే వినడు. ఫోన్ చేసిండా?"

"ఇప్పుడే చేసిండు మామా. లోపలికి తీస్కపోయిన్రట. ఇంకేం తెల్వదట."

"ఎవరిని? వదినా, ఎవరిని తీస్కపోయిన్రు? లక్ష్మణ్ ఏడున్నడు? కాకా?"

"షెడ్డు ఖాళీగుంది నరేందర్. నువ్వు ఇల్లిల్లు తిరిగేటప్పుడే కొండమ్మ ఫోన్ చేసింది. లీటరుందని ఉత్తగనే అన్న, ట్యాంకు నిండ పెట్రోల్ ఉంది. ఏడాది నుంచి తగ్గనియ్యలే. లక్ష్మణ్ మీ గల్లీకి పోయి పూర్ణిమను ఎక్కించుకొని ఎప్పుడో పోయిండు. నువ్వు రోడ్డు దాక నడువు, ఏదన్న దొరుకుతది. నీళ్లు తాగి పో. బోరు నీళ్లే."