మృణావతి సైన్యంలో త్యాగరాజు

త్యాగరాజు గారు అబద్ధాలు ఆడతారని మేమెప్పుడూ అనలేదు. నిజాన్ని పొయ్యి మీద పెట్టి, దించడం మర్చిపోతారు, అంతే.

ఆదివారం ఢిల్లీ అశోకా రోడ్డులోని తెలుగు క్యాంటీన్‌లో భోంచేసి బయటికొచ్చాక, ఎదురుగా టీ బండి దగ్గర కాసేపు ఎండలో నిలబడటం మాకు అలవాటు. ఆ రోజు ఆయన అందరికంటే ముందొచ్చి, బండి పక్కనున్న ఒకే ఒక్క ప్లాస్టిక్ కుర్చీ ఆక్రమించుకున్నారు. కారణం ఉంది. ముప్ఫై నాలుగేళ్ళ కిందట టీవీలో ఆదివారం పొద్దున్నే వచ్చిన ‘మహారాణి మృణావతి’ అనే హిందీ సీరియల్‌ని ఇప్పుడు శుభ్రం చేసి, బ్లూరే డిస్కుల పెట్టెగా అమ్మకానికి తెస్తున్నారు. గోదావరి ఒడ్డున ఏలిన రాణి కథాయె, మన తెలుగు సంఘం వాళ్ళు కూడా ఒక విడుదల సభ పెట్టుకున్నారు. ఆ సీరియల్‌కి పనిచేసిన ఢిల్లీ తెలుగువాళ్ళు ఎవరైనా ఉంటే శాలువా కప్పాలని సంఘం కార్యదర్శి సదాశివరావు గారు వెతుకుతున్నారు.

త్యాగరాజు గారు పోయినేడు ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యారు. ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో ఆయన భుజాన ఎవరూ శాలువా వెయ్యలేదు. చివరి రోజున ఒక గోడ గడియారం చేతిలో పెట్టి ఇంటికి పంపారు.

సదాశివరావు గారు నోటుపుస్తకంతో వచ్చారు. ఆయన వెనక గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే చైతు, ముప్ఫై ఏళ్ళ ఒకావిడ వచ్చారు. “ఈవిడ లక్ష్మీకుమారి గారు, సాకేత్‌లో...” అని ఆయన పరిచయం మొదలుపెట్టేలోగానే త్యాగరాజు గారు గొంతు సవరించుకున్నారు.

“సంతోషం అమ్మా, కూర్చోండి, అంటే నిలబడండి. భయ్యా, చార్ చాయ్. చూడండి సదాశివరావు గారూ, నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు. ఉన్నదున్నట్టు చెబుతాను. తొంభై ఒకటి డిసెంబరు. నాకు ఉద్యోగం వచ్చి రెండేళ్ళు, బేర్ సరాయ్‌లో గది, పెళ్ళి కాలేదు. ఊరవతల పాత కోటలో షూటింగు, సైనికుల వేషాలకి మనుషులు కావాలని తెలిసింది. సెలవు పెట్టి వెళ్ళాను. నాలాంటి వాళ్ళు రెండొందల మంది. పూరీ కూరా పెట్టారు, ఇనప టోపీ పెట్టారు, రేకు డాలు చేతికిచ్చి నాలుగో వరసలో నిలబడమన్నారు. నిలబడ్డాను.”

“సైనికుడు, నాలుగో వరస” అని సదాశివరావు గారు రాసుకున్నారు. “ఇంకేమైనా ఉందా?”

ఆ రాతని చూసి త్యాగరాజు గారి మొహం మాడిపోయింది.

“అప్పుడే రాసేయకండి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? డైరెక్టరు కెమెరాలో కన్ను పెట్టి చూసి, ‘నాలుగో వరసలో ఎవరో రాజవంశీకుడు ఉన్నాడు, ముందుకి పంపించండి’ అన్నాడు. నేను మొహమాటపడ్డాను. వినలేదు. తీసుకెళ్ళి సేనాపతి పక్కన నిలబెట్టారు. ఆ వేషం వేసినాయన నన్ను ఎగాదిగా చూసి, నా పక్కన తను గుమాస్తాలా కనిపిస్తున్నానని చెప్పి టోపీ విసిరికొట్టి వెళ్ళిపోయాడు.”

“అప్పుడు గుమాస్తా మీరే కద అంకుల్” అన్నాడు చైతు.

“అది ఆఫీసులో బాబూ. కోటలో కాదు. సరే, సేనాపతి లేడు, సీను ఆగకూడదు, ఆ కత్తి నేనే పట్టుకున్నాను. ఇంతలో పట్టాభిషేకానికి తెచ్చిన ఏనుగు బెదిరింది. జనం పరుగో పరుగు. మావటివాడు దాన్ని హిందీలో బతిమాలుతున్నాడు. నాకు చూడగానే తెలిసింది, అది రంపచోడవరం వైపు ఏనుగు.”

“ఏనుగుకి తెలుగొస్తదా?”

“ఢిల్లీలో పుట్టిన మన పిల్లలకంటే బాగా వస్తుంది. దగ్గరికెళ్ళి, ‘ఏమే, పెద్దవాళ్ళు పట్టాభిషేకం చేసుకుంటుంటే ఆ అల్లరేమిటి, సిగ్గులేదూ’ అన్నాను. తల దించేసింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పాపం, ఎన్నాళ్ళయిందో మన మాట విని. ఇక నన్ను వదల్లేదండీ. నేను బస్సెక్కితే బస్సు వెనకాలే బేర్ సరాయ్ దాకా వచ్చింది. ఆ సందులు తెలుసుగా, ఎదురెదురుగా రెండు సైకిళ్ళొస్తే ఒకాయన దిగాలి. ఊపిరి బిగబట్టవే అన్నాను. బిగబట్టింది, దూరింది. మెస్సులో పదకొండు గంగాళాల సాంబారు తాగి, ఉప్పు తక్కువైందని ముక్కు విరిచింది.”

“తొండం విరిచింది అనాలేమో” అన్నారు సదాశివరావు గారు, తల ఎత్తకుండా. “ఇంతకీ ఏమని రాయమంటారు? సైనికుడనా, మావటి అనా?”

“రాణి గొంతు అని రాయండి.”

పెన్ను ఆగింది.

“అవునండీ. రాణి వేషం వేసినావిడకి ఒక్క డైలాగూ నోరు తిరగలేదు. నేను డాలు చాటునుంచి చెబుతుంటే ఆవిడ పెదాలు కదిపింది. యాభై రెండు ఎపిసోడ్లూ అంతే. దేశమంతా ఆ గొంతు విని కంటతడి పెట్టింది.”

“ఆడగొంతు ఎట్లొచ్చింది అంకుల్?”

“చలికాలం కదా. జలుబు చేస్తే నాకు అలా సన్నబడుతుంది.”

లక్ష్మీకుమారి గారు టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని ఆయన మొహం వైపే చూస్తున్నారు. ఆవిడ నవ్వడం లేదు. అది నమ్మకమనుకుని త్యాగరాజు గారు కుర్చీ ఇంకాస్త ముందుకి జరిపారు.

సదాశివరావు గారు పుస్తకంలో పేజీ తిప్పారు. “అదంతా పాత సంగతి. మనం సభ పెడుతున్నది డిస్కుల కోసం. డిస్కుల విషయంలో మీరేం చేశారో చెబితే కమిటీలో మాట్లాడతాను.”

“నేను లేకపోతే డిస్కులే లేవండీ. అసలు టేపులన్నీ యమున వరదలో కొట్టుకుపోయాయి. ఒక్కటి మిగిలితే ఒట్టు. డిస్కులు చేసే కంపెనీ సాకేత్‌లోనే ఉంది, వాళ్ళు తలలు పట్టుకున్నారు. అప్పుడెవరో నా పేరు చెప్పారు. కారు పంపించారు. మొదట కథ చెప్పమన్నారు. గుర్రపు డెక్కల చప్పుడుతో సహా యాభై రెండు ఎపిసోడ్లూ నోటితో చెప్పాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నన్ను పెద్ద కుర్చీలో కూర్చోబెట్టి, రెండు కళ్ళకీ రెండు వైర్లు తగిలించి, నేను ఆనాడు చూసిందంతా కళ్ళల్లోంచి నేరుగా డిస్కుల్లోకి లాగేసుకున్నారు. మూడు రోజులు రెప్ప వెయ్యలేదు నేను. పదిహేడో ఎపిసోడ్ దగ్గర మాత్రం ఒక్కసారి వేశాను. కావాలంటే చూడండి, అక్కడ బొమ్మ నల్లగా పోతుంది. కొనుక్కున్నవాళ్ళు డిస్కు పాడైందనుకుంటారు పాపం.”

“రంగులు కూడ మీ కండ్లలోంచేనా?” అన్నాడు చైతు.

“ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకున్నాను కదా. అందుకే రంగులు అంత బాగా వచ్చాయి.”

టీ బండి భయ్యాకి తెలుగు రాదు, అయినా అతనూ గరిట ఆపి వింటున్నాడు. లక్ష్మీకుమారి గారు గ్లాసు బండి మీద పెట్టారు.

“ఆ కుర్చీ ఎన్నో అంతస్తులో ఉందండీ?”

“మూడు. కాదు, నాలుగు.”

“మా ఆఫీసు బేస్‌మెంట్లో ఉంటుందండీ. పైన డెంటల్ క్లినిక్కు.” ఆవిడ గొంతు పెంచలేదు. “ఆ డిస్కుల పని చేసింది మేమే. టేపులు తడవలేదు, స్టీలు బీరువాలో భద్రంగా ఉన్నాయి. ఇరవై నెలలు ఒక్కో బొమ్మా శుభ్రం చేశాను.”

చైతు దగ్గు వచ్చినట్టు అటు తిరిగాడు. త్యాగరాజు గారు టీ తాగబోయి, గ్లాసు ఖాళీ అని చూసుకున్నారు.

“కానీ మీరు అందులో ఉన్న మాట నిజమండీ” అన్నారావిడ.

ఆయన చటుక్కున తలెత్తారు. “చెప్పండి, వీళ్ళకి చెప్పండి.”

“పంతొమ్మిదో ఎపిసోడ్, రాజుగారి అంత్యక్రియలు. రాణి ఏడుస్తోంది, సైన్యమంతా తలలు వంచుకుంది. నాలుగో వరసలో ఒకాయన మాత్రం టోపీ చంకలో పెట్టుకుని, దువ్వెనతో తల దువ్వుకుంటూ కెమెరాలోకి చూస్తున్నాడు. చేతికి వాచీ కూడా ఉంది. ఇందాక మిమ్మల్ని చూడగానే ఎక్కడో చూశాననుకున్నాను. ఎంత వయసొచ్చినా చెవులు మారవు కదండీ. ఆ చెవులతో మూడు వారాలు కూర్చున్నాను.”

“మూడు వారాలా. ఎందుకమ్మా?”

“చెరపడానికి.”

నవ్వుదామని సిద్ధంగా ఉన్న చైతు గ్లాసులోకి చూసుకున్నాడు. త్యాగరాజు గారు చేతులు ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వైపు చూశారు.

“టోపీకి జుట్టంతా రేగిపోయింది” అన్నారు, మామూలు గొంతుతో. “అమలాపురంలో మావాళ్ళందరూ చూస్తారని దువ్వుకున్నాను. చూశారు కూడా. నాలుగు సెకన్లు. మా అమ్మ, బాగా చిక్కిపోయానని ఉత్తరం రాయించింది.” ఆగి అడిగారు. “పూర్తిగా పోయానా?”

“మోచెయ్యి ఉండిపోయిందండీ. పక్కాయన డాలు మీదికి వచ్చింది, అది తీస్తే డాలు చెడుతోంది. వదిలేశాం.”

సదాశివరావు గారు రాసిందంతా అడ్డంగా కొట్టేశారు. “ఇరవై నెలలు పనిచేసిన తెలుగావిడ ఎదురుగానే ఉండగా నేను ఊరంతా తిరుగుతున్నాను” అని, కింద లక్ష్మీకుమారి గారి పేరు రాసుకున్నారు.

త్యాగరాజు గారు ఆ పేరు చూశారు, అభ్యంతరం చెప్పలేదు. పెన్ను ఇలా ఇమ్మని తీసుకుని, ఎడమ అరచెయ్యి చాపి, ఆవిడ వైపు తిరిగారు.

“ఆ మోచెయ్యి ఎన్నో నిమిషం దగ్గరమ్మా?”

“పద్దెనిమిదో నిమిషం, అటూ ఇటూ.”

“అటూ ఇటూ కాదు, సరిగ్గా చెప్పండి. మా ఆవిడకి చూపించాలి. పెళ్ళికి ముందు సంగతి, ఇన్నేళ్ళుగా చెబుతున్నాను, నేను టీవీలో వచ్చానంటే ఒక్కసారీ నమ్మలేదు.”