కొవ్వొత్తులు తీసే మనిషి

వద్దండి ఫాదర్‌గారూ, ఆ పుస్తకం ఇప్పుడు తెరవకండి. దేవుడు ప్రేమ గలవాడని పొద్దున ప్రసంగంలో చెప్పారుగా, విన్నాను. మీకు ముందున్న ఆయనా ఇదే చెప్పేవారు. ఇరవై రెండేళ్లుగా ఈ చర్చి తుడుస్తూ వింటూనే ఉన్నాను. ఇవిగో తాళాలు, ముందివి పుచ్చుకోండి. ఇంక ఈ పని నావల్ల కాదు.

ఒంట్లో బాగానే ఉందండీ. మోకాళ్లంటారా, అవెప్పుడూ ఉన్న నొప్పులే.

మీరు పిరేయస్ రేవులో ఓడెక్కి ఈ దీవికొచ్చి రెండు నెలలేగా. కొవ్వొత్తుల సంగతి మీ కంట పడి ఉండదు. జనం వస్తారు, సన్నటి కొవ్వొత్తి ఒకటి వెలిగించి ఇసుక పళ్లెంలో గుచ్చుతారు, పటానికి ముద్దుపెట్టి వెళ్లిపోతారు. అది చివరిదాకా కాలుతుందనుకుంటారు పాపం. మామూలు రోజుల్లో కాలుతుంది. పండగనాడు ఎక్కడ కాలనిస్తామండీ? వెనకాల ఇంకో వందమంది నిలబడి ఉంటారు. అందుకని నేను పక్కనే ఉండి, సగం కాలినవి లాగి, ఆర్పి, డబ్బాలో పడేస్తుంటాను. ఎవరికోసం వెలిగించారో ఏమిటో నాకనవసరం. చోటు కావాలి, అంతే.

మొన్న ఆగస్టులో మరియ తల్లి పండగ. దానికి ముందురోజు సాయంత్రం మా అబ్బాయి ఫోటిస్, సెవాస్తి కొడుకు మంథోస్ ఒకే పడవలో వేటకెళ్లారు. సెవాస్తి తెలుసుగా మీకు? నల్లబట్టలేసుకుని స్తంభం పక్కన నిలబడుతుంది, ఆవిడే. మా ఎదురిల్లు. తెల్లారేసరికి రావలసినవాళ్లు రాలేదు. ఉత్తరపు గాలి ఒకటే కొట్టుడు. ఫోను చేస్తే పలకదు.

ఇద్దరం కలిసే వచ్చాం చర్చికి. పక్కపక్కనే గుచ్చాం. "స్తమాతియా, నాది తియ్యకే, చివరిదాకా కాలనీ" అంది సెవాస్తి. సరేలేవే అన్నాను.

సాయంత్రానికి మావాణ్ణి ప్రాణాలతో తీసుకొచ్చారు. డీజిలు డబ్బా పట్టుకుని తేలుతూ కనిపించాడట. మంథోస్ నాలుగోరోజు శవమై దొరికాడు, దీవి అవతలి ఒడ్డున.

సంబంధం లేదంటారు, కొవ్వొత్తికీ ప్రాణానికీ. సరే, లేదు. మరి ఒకే పడవ, ఒకే గాలి, ఏం చూసి ఆ దేవుడు ఒకణ్ణి బతికించినట్టు? మంథోస్ ఎలాంటివాడో ఎవరినైనా అడగండి. నేను అడక్కముందే గ్యాసుబండ మెట్లెక్కించి పెట్టేవాడు. మావాడి సంగతి నేనే చెప్తాను, ఇందులో దాపరికం ఏముంది. తాగొచ్చి తల్లిమీద చెయ్యెత్తిన మొనగాడు వాడు. ఇప్పటికీ తాగుతున్నాడు.

దైవరహస్యమా? ఆ మాట వెళ్లి సెవాస్తికి చెప్పండి. చెప్పగలరా?

మంథోస్ పోయిన నలభయ్యోరోజు ప్రార్థనకి ఆవిడే గోధుమలు ఉడికించి, పంచదార కలిపి, అందరికీ పంచింది. నా చేతిలో పోసి నన్ను వాటేసుకుంది. "నీవాడైనా దక్కాడు, ఆ తల్లి చల్లగా చూసిందే" అంది. మనస్ఫూర్తిగానే అంది ఫాదర్‌గారూ, ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడిచినా బాగుండేది. ఆ గోధుమలు నోట్లో వేసుకున్నాను. బయటికెళ్లి గోడవారన ఉమ్మేశాను. చనిపోయినవాడి పేరున పెట్టింది ఉమ్మకూడదు, నాకు తెలుసు.

అసలు విషయం ఇంకా చెప్పలేదు మీకు.

ఆ పండగనాడు, మేం కొవ్వొత్తులు గుచ్చిన కాసేపటికే, ఓడలో యాత్రికులొచ్చిపడ్డారు. పళ్లెంలో వేలు పట్టే సందు లేదు. ఒక ముసలాయన కొవ్వొత్తి వెలిగించి పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక నా మొహంలోకి చూస్తున్నాడు. మా రెండూ సగానికి కాలాయి. ఏదో ఒకటి తియ్యాలి. చూసుకోలేదని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. చూశానండీ. ఏది ఎవరిదో తెలిసే, ఆవిడది లాగేశాను.

క్షమించానని మాత్రం అనకండి, దానికోసం రాలేదు నేను. సెవాస్తికి చెప్పమంటే చెప్తాను, ఆవిడ నన్నేం చేసినా పడతాను. నాకొక్కటే తెలియాలి. నేనంటే తల్లిని, వాడు తాగుబోతైనా నా కడుపున పుట్టాడు, అందుకని పక్కదాని దీపం ఆర్పాను. ఇద్దరూ తన పిల్లలే అయిన ఆ దేవుడికి ఏమొచ్చింది?